పడిన బొమ్మలు, ఆడిన బొమ్మలు

టెక్సస్‌లోని ఆస్టిన్ నగరంలో రోలర్ డెర్బీ మ్యాచొకటి చూడడానికి వెళ్తూ, అలవాటుకొద్దీ కెమేరా మెడలో వేసుకున్నాను. చక్రాల బూట్లు కట్టుకున్న స్త్రీలు ఒకరినొకరు తోసుకుంటూ గుండ్రంగా తిరుగుతారన్నదే అప్పటికి ఆ ఆట గురించి నాకున్న పరిజ్ఞానం. హాలులో వెలుతురు అంతంతమాత్రం. ఐఎస్ఓ 1600కి పెంచి, 50 మి.మీ. లెన్సు పూర్తిగా తెరిచి, వాళ్ళు మలుపు తిరిగే చోట నేలమీద చతికిలబడ్డాను. మలుపులోనే ఎక్కువమంది పడతారని పది నిమిషాల్లోనే కనిపెట్టేశాను మరి!

విరామంలో ఒక క్రీడాకారిణి నా పక్కన కూర్చుని, కెమేరా తెరమీది బొమ్మలన్నీ ఓపికగా చూసింది. చివరికి నవ్వుతూనే అడిగింది: "ఇందులో మేం పడ్డవే ఉన్నాయి. ఆడినవి ఏవీ?"

ఆ ప్రశ్న నాతోపాటే ఇంటికి వచ్చింది. ఈ ఆట చరిత్ర చదవడం మొదలుపెట్టాక, అది నా ఒక్కడికే తగిలే ప్రశ్న కాదని తెలిసింది.

1935 ఆగస్టు 13న షికాగో కొలీసియంలో లియో సెల్ట్జర్ అనే వ్యాపారి దీన్ని ప్రారంభించాడు. ఆర్థిక మాంద్యపు రోజులు. అప్పట్లో ఇది తోపులాట కాదు, ఓర్పుకు పరీక్ష. ఒక స్త్రీ, ఒక పురుషుడు జంటగా వంతులవారీగా తిరుగుతూ, అమెరికాను ఒక తీరం నుంచి మరో తీరానికి దాటినంత దూరాన్ని, అంటే సుమారు 3000 మైళ్ళను, ఆ హాలులోనే పూర్తిచేయాలి. స్త్రీలకూ పురుషులకూ అవే నియమాలు, అదే బాట. ఆ కాలానికి అది సామాన్యమైన సంగతి కాదు. 1937 మార్చిలో ఇల్లినాయ్‌లోని సేలం దగ్గర వీరి బృందం ప్రయాణిస్తున్న బస్సు ప్రమాదానికి గురై, దాదాపు 20 మంది మరణించారు. ఆట మాత్రం ఆగలేదు.

తర్వాత కొంతకాలానికి డేమన్ రన్యన్ అనే రచయిత ఈ పోటీ చూసి, జనం కేరింతలు కొడుతున్నది ఢీకొన్నప్పుడే కాబట్టి దాన్నే ఆటగా మార్చమని సలహా ఇచ్చాడంటారు. అలాగే మార్చారు. 1948లో న్యూయార్క్ నుంచి టెలివిజన్‌లోకి ఎక్కింది. చిన్న తెరమీద బాగా కనబడేవి రెండే: పడడం, కొట్టుకోవడం. వాటితో వచ్చిన కీర్తి కొండంత. కానీ వారానికి పలుమార్లు ఇంట్లోనే కనబడే వినోదానికి టిక్కెట్టు కొనేదెవరు? పైగా "అదంతా నాటకం" అన్న ముద్ర పడిపోయింది. సెల్ట్జర్ కుమారుడు జెర్రీ మళ్ళీ నిలబెట్టినా, 1973లో సంస్థ మూతపడింది.

2001లో ఇదే ఆస్టిన్‌లో స్త్రీలు దీన్ని తిరిగి లేపారు. యాజమాన్యం ఎవరి చేతిలో ఉండాలన్న వివాదంతో 2003లో చీలిపోయి, కొందరు టెక్సస్ రోలర్‌గర్ల్స్‌గా ఏర్పడ్డారు. వాళ్ళు వాలు కట్టిన ఖరీదైన బాట మానేసి, చదునైన నేలమీదే గీతలు గీసుకుని ఆడారు. అందువల్లనే ఏ ఊళ్ళోనైనా, ఏ హాలులోనైనా ఆడడం సాధ్యమైంది. క్రీడాకారిణులే యజమానులు. తాము పెట్టుకున్న పేర్లతో తామే ఆడుకునే ఆట.

నియమాలు తెలిశాక నేను పోగొట్టుకున్నదేమిటో బోధపడింది. ఒక్కో జట్టుకు ఐదుగురు. శిరస్త్రాణం మీద నక్షత్రమున్న ఆమె జామర్. తక్కినవారు ఆమెను అడ్డేవాళ్ళు, ఆమెకు దారి చేసేవాళ్ళు. గుంపును తప్పు చేయకుండా మొదట దాటిన జామర్‌కు ఒక అధికారం దక్కుతుంది. రెండు నిమిషాల ఆ 'జామ్'ను గడువుకు ముందే ఆమె ఆపేయవచ్చు. తనకు పాయింట్లు వచ్చి, ఎదుటి జామర్‌కు రాకముందే రెండు చేతులతో నడుము తట్టుకుంటే చాలు, ఈల మోగుతుంది. ఎప్పుడు ఆపాలో తెలియడమే ఇందులో సగం నేర్పు.

ఆ రోజు నేను తీసిన 300 పైచిలుకు ఫొటోల్లో అలా నడుము తట్టుకున్నది ఒక్కటీ లేదు. ఆ క్షణంలో నా లెన్సు పడిన వాళ్ళను వెతుకుతూ ఉండేది. 1948 నాటి టీవీ కెమేరా చేసిన పనినే, తెలియకుండా, నేనూ చేశాను.

మరుసటి మ్యాచ్‌కు మళ్ళీ వెళ్ళాను. ఈసారి మలుపు దగ్గర కాక తిన్నని భాగంలో నిలబడ్డాను. దక్కినవి తక్కువే. వాటిలో ఒకటి కాస్త అలికినట్టుగా వచ్చింది: నక్షత్రం స్పష్టం, చేతులు మసక, నడుము మీద వాలబోతూ.

దాన్ని మాత్రం అచ్చు వేయించి, ఆ ప్రశ్న అడిగినామెకు ఇచ్చి వచ్చాను.