రసాయన పరిశ్రమలో లాభనష్టాల లెక్క

2024 ఆగస్టు 21 మధ్యాహ్నం అచ్యుతాపురం ప్రత్యేక ఆర్థిక మండలిలోని ఎసెన్షియా అడ్వాన్స్‌డ్ సైన్సెస్ అనే మందుల ఫాక్టరీలో పేలుడు సంభవించి 17 మంది చనిపోయారు. అధికారులు మొదట చెప్పినదాన్నిబట్టి, మిథైల్ టెర్షరీ బ్యూటైల్ ఈథర్ అనే ద్రావణిని రియాక్టరునుంచి నిలవ ట్యాంకుకు పంపుతూండగా అది కారి, విద్యుత్ పరికరాల దగ్గర అంటుకున్నది. ఇటువంటి ప్రమాదం జరిగిన ప్రతిసారీ మన పెద్దలు ఒకే మాట అంటారు: పరిశ్రమలూ కావాలి, పర్యావరణమూ కావాలి, రెంటికీ సమతూకం పాటించాలి అని. వినడానికి ఈ మాట న్యాయంగానే వుంటుంది. కాని తక్కెడలో ఒకవైపు ఏమి వేశారో, రెండోవైపు ఏమి వేశారో, తక్కెడ పట్టుకున్న చెయ్యి ఎవరిదో చెప్పకుండా సమతూకం గురించి మాట్లాడటం వల్ల ప్రయోజనం లేదు. రసాయన పరిశ్రమ చరిత్ర చూస్తే నాకు తోచేది ఇది: పరిశ్రమ తన ఖర్చులో కొంత భాగాన్ని తన ఖాతాలో రాసుకోదు, దాన్ని కాదనలేనివాళ్ళ మీదికి నెట్టేస్తుంది. ఆ ఖర్చును మళ్ళీ యజమాని ఖాతాలోకి ఎక్కించినప్పుడే సైన్సు తన పని చెయ్యటం మొదలుపెడుతుంది.

ఇది ఈనాటి విషయం కాదు. 1791లో ఫ్రాన్సులో నికొలా లెబ్లాంక్ ఉప్పునుంచి సోడా తయారుచేసే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. సబ్బుకూ, గాజుకూ, బట్టల పరిశ్రమకూ సోడా కావాలి. కనుక ఆ పద్ధతి ఇంగ్లండులో బ్రహ్మాండంగా విస్తరించింది. అయితే ఎనిమిది టన్నుల సోడా తయారయ్యేసరికి సుమారు అయిదున్నర టన్నుల హైడ్రోక్లోరిక్ ఆమ్లవాయువు పుడుతుంది. యజమానులు దాన్ని పొగగొట్టం ద్వారా గాలిలోకి వదిలారు. చుట్టుపక్కల చెట్లు మాడిపోయాయి, పంటలు పోయాయి. ఆ వాయువును నీటిలో పట్టే గోపురాన్ని విలియం గాసేజ్ 1836లోనే కనిపెట్టాడు. కాని నూటికి 95 వంతులు పట్టితీరాలని పార్లమెంటు ఆల్కలీ చట్టం చేసింది 1863లో. మధ్యలో గడిచిన 27 ఏళ్ళూ సాధనం లేక కాదు, తప్పనిసరి లేక గడిచాయి. ఇంతకూ ఆ చట్టం రావటానికి ప్రధాన కారణం కార్మికుల ఊపిరితిత్తులు కావు. ఫిర్యాదు చేసినవారిలో భూస్వాములున్నారు. మాడిపోయినవి వారి చెట్లు గనక పార్లమెంటుకు త్వరగా వినపడింది.

చట్టం వచ్చాక ఏమైంది? పరిశ్రమ మూతపడుతుందన్నవారి జోస్యం ఫలించలేదు. పట్టుకున్న ఆమ్లంనుంచి క్లోరిన్ తీసే పద్ధతిని హెన్రీ డీకన్ 1868లో కనుక్కున్నాడు. దానితో బట్టలు తెల్లబరిచే బ్లీచింగు పౌడరు తయారయింది. సాల్వే పద్ధతి పోటీకి వచ్చినప్పుడు లెబ్లాంక్ యజమానులను కొన్నేళ్ళపాటు బతికించింది, ఒకప్పుడు గాలికి వదిలేసిన ఆ పదార్థమే! పరిశ్రమ విసర్జించే పదార్థాలను తిరిగి వాడుకోవడం గురించి మార్క్సు 'కాపిటల్' మూడో సంపుటంలో ప్రత్యేకంగా చర్చించి, రసాయన పరిశ్రమను ఉదాహరణగా తీసుకున్నాడు. అయితే ఈ కథకు రెండో పార్శ్వం కూడా వుంది. మొదటి చట్టం గాలిని గురించే మాట్లాడింది గనుక, కొందరు యజమానులు పట్టుకున్న ఆమ్లాన్ని వాగుల్లో పారబోశారు. గాలి సొమ్ము వాగు అప్పుగా మారింది.

ఈ రెండో పార్శ్వమే మన తెలుగునేల మీద మరింత పెద్ద ఎత్తున పునరావృతమయింది. ముందు ఒక విషయం ఒప్పుకోవాలి. మనదేశంలో మందులు చవగ్గా దొరకటం మామూలు విజయం కాదు. సోవియట్ సహాయంతో నెలకొల్పిన ఐ.డి.పి.ఎల్. ఫాక్టరీ హైదరాబాదులో ఒక తరం రసాయన శాస్త్రజ్ఞులకు పని నేర్పింది. 1970 పేటెంటు చట్టం మందుకు కాక, తయారుచేసే పద్ధతికి మాత్రమే పేటెంటునిచ్చింది. విదేశీ కంపెనీల గుత్తాధిపత్యం దానితో సడలింది. పద్ధతి మార్చి అదే మందును తక్కువ ధరకు తయారుచేసే నేర్పు హైదరాబాదులో పెరిగింది. పేదవాడి జ్వరానికి మాత్ర అందటం ఆ నేర్పు ఫలితమే. దీన్ని తక్కువచేసి మాట్లాడేవాళ్ళతో నేను ఏకీభవించను.

కాని ఆ మాత్ర ధరలో చేరని ఖర్చు పటాన్‌చెరువు వాగుల్లో ప్రవహించింది. నక్కవాగు నీళ్ళు తాగిన పశువులూ, దాని నీటితో సాగయిన పొలాలూ ఆ ఖర్చును భరించాయి. పల్లెల తరఫున వ్యవహారం 1990లో సుప్రీంకోర్టుకు ఎక్కింది. ఫాక్టరీల మురుగంతా ఒకచోట శుద్ధిచేసే కేంద్రం పెట్టారు. 2007లో యోకిమ్ లార్సన్ బృందం ఆ కేంద్రంనుంచి బయటికి వచ్చే నీటి పరీక్షాఫలితాలను ప్రచురించింది. లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ అందులో వుంది. ఆ మందు మింగిన రోగి రక్తంలో వుండే మోతాదుకన్నా ఇది ఎక్కువ! క్రిములను చంపవలసిన మందు వాగులోపడి, తనను ఎదిరించగల క్రిములను పెంచే పాఠశాల అయింది. తర్వాత ఆ నీటిని 18 కిలోమీటర్ల గొట్టం ద్వారా అంబర్‌పేట మురుగుశుద్ధి కేంద్రానికి, అక్కడినుంచి మూసీకి మళ్ళించారు. వాగు బాకీ నదికి బదిలీ అయిందన్నమాట.

నది తర్వాత మిగిలింది సముద్రం. పరిశ్రమ విశాఖ తీరానికి విస్తరించటంలో ఓడరేవు పాత్ర వుంది, ప్రభుత్వమిచ్చిన రాయితీల పాత్ర వుంది. మురుగును గొట్టం ద్వారా సముద్రంలోకి పంపగల సౌకర్యం కూడా వుంది. పరవాడలో ఫార్మాసిటీ వెలిసింది. రైతుల భూములు తీసుకొని అచ్యుతాపురం, రాంబిల్లి మండలాల్లో ఆర్థిక మండలి ఏర్పాటుచేశారు. నక్కపల్లికి బల్క్ డ్రగ్ పార్కు మంజూరయింది. సముద్రం అనంతమైనది, ఎంత పోసినా పట్టుతుందని ప్రణాళికలు వేసేవారి ఊహ. తీరం దగ్గర వలవేసే జాలరికి సముద్రం అనంతం కాదు. అతని సముద్రం అతని తెప్ప పోగలిగినంత మేరే. 2025లో రాజయ్యపేట జాలర్లు ఆందోళనకు దిగటాన్ని అభివృద్ధి నిరోధకత్వమని కొట్టిపారేసినవాళ్ళు ఈ తేడా గ్రహించలేదు.

ఇక ఫాక్టరీ గోడలోపల ఖర్చు భరించేది కార్మికుడు. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్.జి. పాలిమర్స్ ట్యాంకునుంచి స్టైరీన్ ఆవిరి వెలువడి 12 మంది చనిపోయారు. పాలిమరీకరణను అడ్డుకొనే రసాయనం నిలవలేదనీ, ట్యాంకును చల్లబరిచే ఏర్పాటు రాత్రిపూట ఆపేస్తూ వచ్చారనీ, సైరను మోగలేదనీ ప్రభుత్వ సంఘం తేల్చింది. అదే ఏడు జూన్ నెలాఖరున పరవాడలో వాయువు లీకై ఇద్దరు పోయారు. 2022లో జూన్, ఆగస్టు నెలల్లో అచ్యుతాపురం మండలిలోని బట్టల ఫాక్టరీలో విషవాయువు పీల్చి వందలాదిమంది మహిళా కార్మికులు ఆస్పత్రుల పాలయ్యారు. ఇవన్నీ విధివిలాసాలా?

మరి సైన్సు ఏమీ చెయ్యలేదా? చెయ్యగలదు. రోజర్ షెల్డన్ అనే శాస్త్రజ్ఞుడు 1992లో ఒక సులభమైన కొలత ఇచ్చాడు: ఒక కిలో సరుకుకు ఎన్ని కిలోల వ్యర్థం? భారీ రసాయనాలలో ఒకటినుంచి అయిదు కిలోలు. మందుల పరిశ్రమలో 25 నుంచి 100, ఆపైన కూడా. అందులో పెద్ద భాగం ద్రావణులే. అచ్యుతాపురంలో అంటుకున్నది కూడా ద్రావణే అని గుర్తుంచుకోవాలి. ద్రావణిని తగ్గిస్తే కాలువలో పడే విషమూ తగ్గుతుంది, షెడ్డులో అంటుకునే మంటా తగ్గుతుంది. నదిని కాపాడటం, కార్మికుణ్ణి కాపాడటం రెండు వేరు పనులు కావు.

ఇబుప్రోఫెన్ సంగతి చూడండి. పాత పద్ధతిలో ఆరు మెట్లు. వాడిన అణువుల బరువులో నూటికి 40 వంతులే మందులోకి చేరేవి. 1992లో అమెరికాలో మూడు మెట్ల పద్ధతి అమలులోకి వచ్చింది. 77 వంతులు చేరాయి. కొత్త పద్ధతిలోనూ హైడ్రోజన్ ఫ్లోరైడ్ అనే ప్రమాదకర పదార్థం వాడక తప్పలేదు. దాన్ని తిరిగి పట్టి వాడుతారు. అంటే మంత్రదండం ఎవరి దగ్గరా లేదు, మెరుగైన దారి మాత్రం వుంది. ఆ దారికి ముందు పెట్టుబడి కావాలి. వ్యర్థాన్ని ఉచితంగా పారబోసే వీలున్నంతకాలం ఆ పెట్టుబడి ఏ యజమాని పెడతాడు?

పరిశ్రమ ప్రభుత్వం చేతికి వస్తే ఈ సమస్య దానంతటదే తీరిపోతుందని మనలో కొందరంటారు. విశాఖ అనుభవం దానికి సాక్ష్యమివ్వదు. 1997 సెప్టెంబరు 14న మంటల్లో చిక్కి యాభైమందికి పైగా ప్రాణాలు తీసిన చమురుశుద్ధి కర్మాగారం ప్రభుత్వరంగంలోని హెచ్.పి.సి.ఎల్.దే. యాజమాన్యం మారినా ఉత్పత్తి లక్ష్యం ఒక్కటే దేవుడైనచోట భద్రత నైవేద్యమే అవుతుంది. యాజమాన్యం ప్రశ్న ముఖ్యమైనదే; కాని పర్యవేక్షణ ఎవరిదన్న ప్రశ్నను అది మింగెయ్యకూడదు.

ఢిల్లీలో ఓలియం లీకు వ్యవహారంలో సుప్రీంకోర్టు 1986లో ఒక సూత్రం చెప్పింది: ప్రమాదకరమైన పరిశ్రమ నడిపేవాడు, జాగ్రత్త తీసుకున్నానని చెప్పి తప్పించుకోవటానికి వీల్లేదు; జరిగిన నష్టానికి సంపూర్ణ బాధ్యుడు. ఎంత పెద్ద సంస్థ అయితే అంత పెద్ద పరిహారం. భోపాల్ తర్వాత 1987లో ఫాక్టరీల చట్టాన్ని సవరించి, తాను పనిచేసే చోట పొంచివున్న ప్రమాదమేమిటో తెలుసుకొనే హక్కును కార్మికుడికిచ్చారు. కాగితంమీద హక్కుకు కొదవ లేదు. కాంట్రాక్టు కింద, పరాయి రాష్ట్రంనుంచి వచ్చి, తాను తెరుస్తున్న డ్రమ్ములో ఏముందో తన భాషలో చదువుకోలేని కార్మికుడు ఆ హక్కును ఎట్లా అమలుపరచుకొంటాడు? సంఘం లేనిచోట హక్కు గోడమీద వేలాడే ప్రకటనే.

అచ్యుతాపురం మృతులకు ప్రభుత్వం కుటుంబానికి కోటి రూపాయల చొప్పున ప్రకటించింది. ఇవ్వవలసిందే. కాని చనిపోయాక ఇచ్చే కోటి, బతికివుండగా పెట్టవలసిన ఖర్చుకు జవాబు కాదు. రసాయనశాస్త్రం చదివే విద్యార్థి ప్రతి చర్య దిగుబడితోపాటు వ్యర్థమెంతో, అది ఎటు పోతుందో కూడా లెక్కకట్టాలి. ఉపాధ్యాయులు ఆ ప్రశ్నకు పరీక్షలో మార్కులివ్వాలి. కార్మికసంఘాలు జీతంతోపాటు ట్యాంకుల, గొట్టాల తనిఖీ నివేదికలను కూడా అడగాలి. గ్రామసభ తన ఊరి నీటి పరీక్షాఫలితాలను తన భాషలో చదవగలగాలి. తక్కెడ ఇన్నాళ్ళూ ఒకరి చేతిలోనే వుంది. దాని రెండో కొసను పట్టుకొనే చేతులు పుడిమడక తీరంలోనూ, అచ్యుతాపురం షెడ్లలోనూ వున్నాయి. ఆ చేతులు పడినప్పుడే సమతూకం అనే మాటకు అర్థం వస్తుంది.