నాటు తుపాకి కొయ్యభాగం: పశ్చిమ ప్రకాశంలో ఒక పనిముట్టు చరిత్ర

వ్యాససంగ్రహం

వేట తుపాకికి కొయ్య మడమ మేలా, ప్లాస్టిక్ మడమ మేలా అన్న చర్చ పాశ్చాత్య దేశాలలో కొనేవారి అభిరుచికి సంబంధించినది. నల్లమలను ఆనుకొని ఉన్న మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలలో ఈ విషయాన్ని అభిరుచి కంటే చట్టమే ఎక్కువగా నిర్ణయించిందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. కొయ్యభాగానికి సంబంధించిన వృత్తిపదాలను సేకరించవలసిన అవసరాన్ని కూడా సూచిస్తుంది.

కీలకపదాలు: నాటు తుపాకి, మడమ, వృత్తిపదాలు, ఆయుధాల చట్టం, నల్లమల.

1. ఉపోద్ఘాతం

తుపాకి చరిత్రను ఇనుము చరిత్రగా రాయడం పరిపాటి. గొట్టం పొడవు, మందు బలం, గుండు పోయే దూరం చర్చకు వచ్చినంతగా, మనిషి భుజానికి ఆనే కొయ్యభాగం చర్చకు రాలేదు. తుపాకిని మనిషి పట్టుకునేది మాత్రం ఆ కొయ్యతోనే.

పశ్చిమ ప్రకాశంలో ఈ అంశాన్ని పరిశీలించే వారు పాలనా విభాగాల మార్పులను గుర్తుంచుకోవాలి. కడప జిల్లాలోని కంభం తాలూకా 1858లో కర్నూలు జిల్లాలో చేరింది. 1970లో మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు కర్నూలు నుండి కొత్తగా ఏర్పడిన ఒంగోలు జిల్లాకు మారాయి. ఆ జిల్లాకే 1972లో ప్రకాశం జిల్లా అని పేరు పెట్టారు. అందువల్ల ఈ ప్రాంత చరిత్రను మూడు జిల్లాల పత్రాలలో వెదకవలసి ఉంటుంది.

2. నాటు, సీమ, మడమ

తెలుగులో ‘నాటు’ అన్న విశేషణానికి ఎదురుగా ‘సీమ’ నిలుస్తుంది. సీమచింత, సీమవంకాయ, సీమసరుకు వంటి మాటలలో ‘సీమ’ అంటే బయటినుండి వచ్చినది. ‘నాటు’ అంటే ఊళ్లో పుట్టినది, మోటుది. కాలక్రమంలో నాటుకోడి విషయంలో ఈ మాటకు మన్నన పెరిగింది. నాటు తుపాకి విషయంలో అందుకు విరుద్ధంగా జరిగింది. పత్రికాభాషలో అది దాదాపు అక్రమాయుధానికి పర్యాయపదమైంది. గొట్టం మూతినుండి మందు కూరే తుపాకికి చట్టబద్ధంగా లైసెన్సు పొందే వీలుందన్న సంగతి ఈ వాడుకలో మరుగున పడింది.

‘తుపాకి’ పరభాషనుండి వచ్చిన మాటే అయినా, భుజానికి ఆనించే భాగాన్ని తెలుగువారు ‘మడమ’ అన్నారు. పనిముట్టుకు శరీరావయవం పేరు పెట్టడం మన భాషకు సహజం. పరాయి యంత్రంలో మొదట తెలుగైనది దాని కొయ్యభాగమే అనుకోవచ్చు.

3. కొయ్య గుణం

ఐరోపా, అమెరికా వేట తుపాకులలో అక్రోటు కొయ్యకు పెద్దపీట. అది మరీ బరువుండదు, అదురును తట్టుకుంటుంది, ఇనుపభాగాలు అమర్చడానికి చెక్కితే అంచులు విరగవు. అవిసెనూనె పట్టించినకొద్దీ దాని ఈనెలు తేలి కనబడతాయి. గీత పడితే రుద్దవచ్చు, పొడవు ఎక్కువైతే కోయవచ్చు, చీలితే అతకవచ్చు. తండ్రి భుజానికి సరిపోయినదాన్ని కొడుకు భుజానికి సవరించవచ్చు. కొయ్యపై మక్కువకు అందం ఎంత కారణమో ఈ సవరణకు లొంగే గుణం అంత కారణం.

కొయ్యకు లోపమూ ఉంది. తేమకు ఉబ్బుతుంది, ఎండకు కుదించుకుపోతుంది. గొట్టంపై దాని ఒత్తిడి మారితే రైఫిల్ గురి తప్పుతుంది. ప్లాస్టిక్, గాజుపీచు మడమలకు ఈ బెడద తక్కువ. కానీ గొట్టం లోపల గాడులు లేకుండా, దగ్గరి దూరానికే పనికివచ్చే నాటు తుపాకికి ఆ సూక్ష్మమైన తేడా లెక్కలోకి రాదు. కనుక ప్లాస్టిక్‌కున్న ప్రధానమైన ప్రయోజనం ఇక్కడ అంతగా వర్తించదు.

అక్రోటు నల్లమల చెట్టు కాదు. ఇక్కడి అడవిలో కనిపించేవి టేకు, ఏగిస, నల్లమద్ది, చిరుమాను వంటివి. కాబట్టి నాటు తుపాకి కొయ్యను అక్రోటు సొగసుతో తూచకూడదు. చేవ తేలిన కర్రను ఎంచుకున్నారా, పిడికిలి పట్టే సన్నని చోట నారలు పొడవునా సాగేలా చెక్కారా అన్నవే అసలు పరీక్షలు. నారలు అడ్డం పడితే తుపాకి అక్కడే విరుగుతుంది. ఇవి నాగలికీ బండికీ కర్ర ఎంచే వడ్రంగికి కొత్త విషయాలు కావు.

4. చట్టం నిలిపిన కొయ్య

ఈ ప్రాంతంలో ఆయుధంపై ప్రభుత్వానికి అనుమానం పాతదే. ఆయుధాలు కూడబెట్టాడన్న ఆరోపణపై కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్‌ను కంపెనీ ప్రభుత్వం 1839లో పదవీచ్యుతుణ్ని చేసింది. 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగుబాటు గిద్దలూరు వైపు, నల్లమల వైపు సాగింది. 1878 నాటి ఆయుధాల చట్టం భారతీయులు తుపాకి కలిగివుండడాన్నే లైసెన్సుకు లోబరిచింది.

1959వ సంవత్సరం మన అంశానికి కీలకం. ఆ ఏడాది అమెరికాలో రెమింగ్టన్ సంస్థ డ్యూపాంట్ నైలాన్‌తో మడమ చేసిన ‘నైలాన్ 66’ రైఫిల్‌ను విపణిలోకి తెచ్చింది. అక్కడ కొయ్యా ప్లాస్టికా అన్న ఎంపిక సామాన్య వేటగాని ముందుకు వచ్చింది. అదే ఏడాది మన పార్లమెంటు కొత్త ఆయుధాల చట్టం చేసింది. పంట కాపలా కోసం ఆ చట్టం ప్రధానంగా చూపిన ఆయుధం మూతినుండి మందు కూరే తుపాకి. అది చాలదని అధికారి భావిస్తేనే మరో రకం. అంటే, అక్కడ నైలాన్ మడమ విపణిలోకి వచ్చిన ఏడాదే ఇక్కడి రైతుకు పాతకాలపు తుపాకి చట్టరీత్యా ఖరారైంది.

ఆ తరువాత వేటకే చోటు తగ్గింది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను లైసెన్సులకు పరిమితం చేయగా, 1991 సవరణ ఆ లైసెన్సులనే తొలగించింది. నాగార్జునసాగర్–శ్రీశైలం అభయారణ్యం 1978లో ఏర్పడి, 1983లో పులుల సంరక్షణ పథకంలోకి వచ్చింది. 1990లో గుండ్ల బ్రహ్మేశ్వరం అభయారణ్యం ఏర్పడింది. అభయారణ్యానికి 10 కిలోమీటర్ల లోపు ఉండే లైసెన్సుదారులు తమ ఆయుధాన్ని అటవీశాఖ వద్ద నమోదు చేసుకోవాలి. అక్కడ కొత్త లైసెన్సుకు ఆ శాఖ ముఖ్య వన్యప్రాణి సంరక్షకుని సమ్మతి ఉండాలి. పంటపై పడే అడవిపంది మాత్రం ఈ హద్దులను ఎరగదు. లైసెన్సు తుపాకి చేతిలో ఉన్నంతమాత్రాన రైతు దానిని కాల్చడానికి వీల్లేదు, అనుమతి కావాలి. అలా కాపలా కోసం ఇచ్చిన తుపాకి క్రమంగా ఇంటి గుర్తుగా మారడానికి పరిస్థితులు ఏర్పడ్డాయి. 2019 సవరణ వ్యక్తికి రెండే ఆయుధాలని పరిమితి పెడుతూ, వారసత్వంగా వచ్చినవాటినీ ఆ లెక్కలోనే చేర్చింది.

5. పలక చెప్పే పోలిక

మార్కాపురం పలకరాతికి పేరుపొందిన ఊరు. బడిపలక అంటే రాతిరేకు, దాని చుట్టూ కొయ్యచట్రం. ప్లాస్టిక్ పలకలు, నోటుపుస్తకాలు వచ్చి దానికి గిరాకీ తగ్గించాయి. కొయ్యచట్రం పలకను విపణి పక్కకు నెట్టింది. కొయ్య మడమ తుపాకిని మాత్రం మరో వస్తువు వచ్చి నెట్టలేదు. పోటీ రాకముందే దాని పని ఆగిపోయింది. ఒకటి పాతబడింది, రెండవది నిలిచిపోయింది. రెంటినీ ఒకే ‘గతంపై మమకారం’ కింద కలిపితే చరిత్ర తప్పుతుంది.

6. ముగింపు

కొయ్యపై మక్కువ అన్నది అన్ని చోట్లా ఒకటి కాదు. ఎంచుకునే అవకాశం ఉన్నచోట అది అభిరుచి. పశ్చిమ ప్రకాశంలో అది చట్టం, అడవి, వడ్రంగం, కమ్మరం కలిసిన చోట మిగిలిన ఆనవాలు. ఈ మాట వేటను సమర్థించడానికి కాదు. నల్లమల వన్యప్రాణుల రక్షణలో రాజీ ఉండరాదు. కానీ ఆయుధంతోపాటు దాని పదజాలం కూడా పోవలసిన పనిలేదు.

1962లో భద్రిరాజు కృష్ణమూర్తి వ్యవసాయ పదాలతో మాండలిక వృత్తిపదకోశానికి మార్గం వేశారు. ఆ పద్ధతిలోనే తుపాకి కొయ్యకు కర్ర ఎంపిక, చెక్కుడు, అమరిక, మరమ్మతు పదాలను వడ్రంగులు, కమ్మరుల నుండి సేకరించాలి. బాగుచేసినా పేలని పాత ఆయుధాలకు చట్టమే మినహాయింపు ఇస్తున్నది. కాబట్టి అటువంటి కొన్నింటినైనా జిల్లా స్థాయిలో ప్రదర్శనశాలకు చేర్చడం సాధ్యమే. లేకుంటే భావి పరిశోధకునికి నాటు తుపాకి నేరవార్తలలో మాత్రమే దొరుకుతుంది. దానిని చెక్కిన చేతి గురించి ఆ వార్తలు ఏమీ చెప్పవు.