తిట్టుకున్నది ఇద్దరు, తన్నులు తిన్నది మూడోవాడు: ఎన్టీఆర్–కృష్ణ తెర మీది వైరం

ఇవాళ్టి ముచ్చట మా ఇంట్లోనే మొదలైంది.

పోయిన ఆదివారం మా అక్క కొడుకు చిల్కానగర్‌లో మా ఇంటికి వచ్చాడు. ఇంటర్ చదువుతున్నాడు. చెవుల్లో ఇయర్‌ఫోన్స్, తల ఊపుతూ కూర్చున్నాడు. ఏం వింటున్నావురా అంటే, "డిస్ ట్రాక్ మామా" అన్నాడు. నాకు అర్థం కాలే. అప్పుడు వాడే చెప్పాడు. రాప్ పాడేవాళ్లు ఒకరి మీద ఒకరు పేరు పెట్టి మరీ తిడుతూ పాట కడతారట. నీకు పాడటం రాదు, నీ పాటలు వేరేవాళ్లు రాస్తారు అని మొదలుపెట్టి, ఇంట్లో ఆడవాళ్ల దాకా, పిల్లల దాకా పోతారట. దానికే 'డిస్' అని పేరు.

2024లో అమెరికాలో కెండ్రిక్ లమార్, కెనడా నుంచి వచ్చిన డ్రేక్ ఇట్లాగే తలపడ్డారు. కొన్ని రోజుల తేడాలో పాట మీద పాట. కెండ్రిక్ పాట 'నాట్ లైక్ అస్' ఆ ఏడు మే 4న వచ్చింది. 2025 ఫిబ్రవరిలో ఆ ఒక్క తిట్ల పాటకే 5 గ్రామీ అవార్డులు వచ్చాయి. మన దేశంలో 2018లో ముంబయి కుర్రాడు ఎమివే బంటాయ్‌కి, రఫ్తార్‌కి మధ్య కూడా ఇదే జరిగింది. ఒక ఇంటర్వ్యూలో ఒక మాట దొర్లింది, దానికి ఒక పాట, ఆ పాటకి ఇంకో పాట.

అంతా చెప్పి మావాడు ఒక ప్రశ్న అడిగాడు. "మనోళ్లల్ల ఇట్ల తిట్టుకున్నోళ్లు లేరా మామా?"

లేకపోవడమేంట్రా, బండెక్కు అన్నాను. మా ఇంటి నుంచి నాచారం ఎంత దూరం, పది నిమిషాలు. నాచారంలో రామకృష్ణా స్టూడియో పేరు మా పాతతరం వాళ్లలో విననివాళ్లు ఉండరు. ఎన్టీఆర్ కుటుంబానిది అది. రోడ్డు పక్కన బండి ఆపి, ఇక్కడ మొదలుపెడదాం అన్నాను. వాడికి చెప్పిందే ఇప్పుడు మీకు చెప్తున్నా.

అసలు కథకి ముందు ఒక చిన్న మాట. కళ పేరుతో తిట్టుకోవడం మనకి సినిమాతో వచ్చింది కాదు. వందేళ్ల కిందట తిరుపతి వేంకట కవులు, అంటే దివాకర్ల తిరుపతి శాస్త్రి, చెళ్లపిళ్ల వేంకట శాస్త్రి, ఊరూరా అవధానాలు చేస్తూ తిరిగేవారు. మమ్మల్ని మించిన కవి ఉంటే రమ్మని సవాలుగా మీసాలు పెంచారు. కొప్పరపు సోదర కవులతో వాళ్లకి పడలేదు. వేంకట రామకృష్ణ కవులతో జరిగిన గొడవైతే 'గీరతం' అని ఒక పుస్తకమే అయింది. పద్యానికి పద్యమే జవాబు. యతి తప్పితే పరువు పోయినట్టే. మావాడు ఇది విని "అంటే ఫ్రీస్టైల్ బ్యాటిల్ మామా" అన్నాడు. అదే అనుకో.

ఇక స్టూడియో దగ్గరికి వద్దాం. ఎన్టీఆర్, కృష్ణ. ఈ ఇద్దరూ మొదటి నుంచీ శత్రువులు కాదు. కృష్ణ గారు చిన్నప్పుడు తాను ఎన్టీఆర్ అభిమానినని తనే చెప్పుకున్నారు. ఇద్దరూ కలిసి నటించారు కూడా. 1973లో 'దేవుడు చేసిన మనుషులు' కృష్ణ సొంత సంస్థ పద్మాలయా తీసిన సినిమా. అందులో ఎన్టీఆర్ ఉన్నారు. అంటే తమ్ముడి సినిమాలో అన్నగారు.

మరుసటి ఏడే తేడా వచ్చింది. 1974 మే 1న 'అల్లూరి సీతారామరాజు' విడుదలైంది. కృష్ణకి అది 100వ సినిమా. 'దేవుడు చేసిన మనుషులు' తీసిన వి. రామచంద్రరావే దర్శకుడు. షూటింగ్ మధ్యలోనే ఆయన చనిపోయారు. అయినా సినిమా పూర్తి చేశారు, అది కృష్ణ జీవితంలోనే పెద్ద సినిమా అయింది. ఇబ్బంది ఎక్కడంటే, అల్లూరి పాత్ర వెయ్యాలని ఎన్టీఆర్‌కి ఎప్పటి నుంచో కోరిక. అది ఆయన మనసులో దాచుకున్న పాత్ర. దాన్ని చిన్నవాడు ముందు చేసేశాడు. అక్కడి నుంచి చాలా ఏళ్లు ఇద్దరి మధ్య మాటల్లేవు. ఆ కోరిక ఎంత బలమైందంటే, 1993లో 'మేజర్ చంద్రకాంత్'లో ఒక పాట కోసమైనా ఎన్టీఆర్ అల్లూరి వేషం కట్టారు. అప్పటికి ఆయనకి డెబ్బై ఏళ్లు.

సరే, కోపం వచ్చింది. కోపం వచ్చినప్పుడు ఏం చేశారన్నదే నాకు ముఖ్యం. 1977 సంక్రాంతి చూడండి. జనవరి 14న ఒకే రోజు రెండు మహాభారతాలు విడుదలయ్యాయి. ఒకటి కృష్ణ అర్జునుడిగా వేసిన 'కురుక్షేత్రం'. కమలాకర కామేశ్వరరావు దర్శకుడు. శోభన్‌బాబు కృష్ణుడు, కృష్ణంరాజు కర్ణుడు. రెండోది ఎన్టీఆర్ 'దాన వీర శూర కర్ణ'. నిర్మాత ఆయనే, దర్శకుడు ఆయనే. కర్ణుడు, దుర్యోధనుడు, కృష్ణుడు మూడు పాత్రలూ ఆయనవే. హైదరాబాద్‌లో తన సొంత స్టూడియోలో సెట్లు వేసి, కొడుకులతో సహా అందర్నీ దింపి, నెలన్నర లోపు షూటింగ్ ముగించారు. 43 రోజులని చెప్తారు. సినిమా నిడివి చూస్తే దాదాపు నాలుగు గంటలు.

ఇంకో ముచ్చట. కైకాల సత్యనారాయణ గారు ఆ రెండు సినిమాల్లోనూ ఉన్నారు. ఇక్కడ భీముడు, అక్కడ దుర్యోధనుడు. రెండు శిబిరాలకీ ఆయన కావాలి, ఆయన్ని ఇద్దరూ వద్దనలేదు. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తా.

ఆ పోటీలో ఎన్టీఆర్ గెలిచారు. కొండవీటి వెంకటకవి రాసిన దుర్యోధనుడి మాటలు ఇప్పటికీ కాలేజీ ఫంక్షన్లలో పిల్లలు అప్పజెప్తారు. అక్కడ ఎవరూ ఎవర్నీ పేరు పెట్టి అనలేదు. సినిమాకి సినిమానే జవాబు. కవుల పద్యానికి పద్యం జవాబైనట్టే.

1982లో ఇద్దరూ మళ్లీ కలిశారు. 'వయ్యారి భామలు వగలమారి భర్తలు'లో కలిసి నటించారు. అదే ఏడు మార్చి 29న ఎన్టీఆర్ తెలుగుదేశం పెట్టారు. డిసెంబర్‌లో కృష్ణ 200వ సినిమా 'ఈనాడు' వచ్చింది. అవినీతి రాజకీయాల మీద సినిమా. ఎన్నికల ముందు అది కొత్త పార్టీకి సాయం చేసిందని అప్పట్లో అందరూ అనుకున్నారు. 1983 జనవరి 9న ఎన్టీఆర్ ముఖ్యమంత్రి అయ్యారు. ఇక్కడితో ఆగిపోతే ఈ ఎపిసోడే లేదు.

1984 ఆగస్టు 16న గవర్నర్ రామ్‌లాల్ ఎన్టీఆర్‌ని పదవిలోంచి తీసేశారు, నాదెండ్ల భాస్కరరావు ముఖ్యమంత్రి అయ్యారు. నెల తిరిగేసరికి, సెప్టెంబర్ 16న, ఎన్టీఆర్ మళ్లీ కుర్చీలోకి వచ్చారు. ఆ నెల రోజుల్లో ఎవరు ఎటు ఉన్నారన్నది తర్వాత ఎవరూ మర్చిపోలేదు. కృష్ణ ఎన్టీఆర్ వైపు లేరు. కాంగ్రెస్‌లో చేరారు. 1989లో ఏలూరు నుంచి ఎంపీ కూడా అయ్యారు.

ఆ మధ్యలో వచ్చినవే మన డిస్ ట్రాకులు. 1986లో 'నా పిలుపే ప్రభంజనం'. 1987లో 'మండలాధీశుడు'. 1989లో 'సాహసమే నా ఊపిరి', 'గండిపేట రహస్యం'. పేర్లలోనే చురక ఉంది చూడండి. తాలూకాలు, సమితులు తీసేసి మండలాలు పెట్టింది ఎన్టీఆర్ ప్రభుత్వం. అందుకే 'మండలాధీశుడు'. ఆయన ఆశ్రమం గండిపేటలో ఉండేది. అందుకే 'గండిపేట రహస్యం'. పేరు పెట్టి అనక్కర్లేదు, వాల్‌పోస్టర్ చూస్తేనే జనానికి తెలిసిపోయేది.

ఇక్కడ న్యాయంగా ఒక మాట చెప్పాలి. పదవిలో ఉన్న ముఖ్యమంత్రిని తెర మీద వెక్కిరించడం తప్పు కాదు. పైగా ఆయన సామాన్యుడా? దేవుడి వేషం వేస్తే జనం దండం పెట్టిన మనిషి. అట్లాంటాయన మీద, ఆయన రాజ్యంలోనే, ఆయన ఊళ్లోనే థియేటర్లలో బొమ్మ పడింది. అది మన ప్రజాస్వామ్యానికి మంచి గుర్తే. ప్రభుత్వ నిర్ణయాల మీద వ్యంగ్యం ఉండాల్సిందే. కానీ ఆ సినిమాలు నిర్ణయాల దగ్గర ఆగలేదు. ఆయన నడక, మాట విరుపు, కట్టుబట్ట కూడా ఎగతాళి అయ్యాయి.

ఆ ఎగతాళిని తన ముఖం మీద మోసింది ఎవరు? కృష్ణ కాదు. 'మండలాధీశుడు'లో ఎన్టీఆర్‌ని పోలిన పాత్ర వేసింది కోట శ్రీనివాసరావు. అప్పటికి ఆయన ఇంకా పెద్ద నటుడు కాదు. నాటకాల నుంచి, బ్యాంకు ఉద్యోగం నుంచి సినిమాల్లోకి వచ్చి నిలదొక్కుకుంటున్న మనిషి. డాక్టర్ ఎం. ప్రభాకరరెడ్డి దర్శకుడు. వేషం ఇచ్చారు, ఈయన వేశారు. నటుడికి వేషం అన్నం కదండీ, అన్నం వద్దంటాడా?

సినిమా వచ్చాక విజయవాడ రైల్వే స్టేషన్ దగ్గర ఎన్టీఆర్ అభిమానులు తనని పట్టుకుని కొట్టారని కోట గారు ఇంటర్వ్యూల్లో చాలాసార్లు చెప్పారు. ఆ కొట్టినవాళ్లకి ఎన్టీఆర్ చెప్పలేదు. కృష్ణ అక్కడ లేరు. కథ రాసినవాళ్లు లేరు, డబ్బు పెట్టినవాళ్లు లేరు. సంచీ పట్టుకుని రైలు దిగే నటుడు ఒక్కడే దొరికాడు. ఎద్దులు ఎద్దులు పోట్లాడుకుంటే లేగదూడల కాళ్లు విరిగాయని మన పెద్దలు ఊరికే అనలేదు.

తర్వాత జరిగింది కూడా కోట గారే చెప్పారు. ఒకసారి ఎన్టీఆర్ ఎదురుపడ్డారట. ఈయనకి గుండె జారిపోయింది. ఆయనేమో భుజం మీద చెయ్యి వేసి, నటుడిగా మెచ్చుకుని, ఆప్యాయంగా పలకరించి వెళ్లారట. చూడండి, ఎవరి మీద ఎగతాళి జరిగిందో ఆయనకి కోపం లేదు. కొట్టినవాళ్లకేమో ఆయన కంటే ఎక్కువ కోపం.

1977లో సత్యనారాయణ గారు రెండు శిబిరాల్లోనూ హాయిగా పనిచేశారు. పదేళ్లకి, 1987లో, ఒక శిబిరంలో వేషం వేసినందుకు ఇంకో నటుడు దెబ్బలు తిన్నాడు. ఏం మారింది ఈ పదేళ్లలో? పోటీ పని మీద నుంచి మనిషి మీదకి మారింది. పని మీద పోటీ ఉంటే చూసేవాడు తీర్పు చెప్తాడు, టికెట్ కొంటాడు లేదా కొనడు. మనిషి మీద తిట్టు ఉంటే చూసేవాడు కూడా యుద్ధంలో సైనికుణ్ణి అనుకుంటాడు. రాయి వెతుక్కుంటాడు.

మావాడి రాప్ కథలోనూ ఇదే ఉంది. 1996లో టుపాక్, 1997లో బిగ్గీ. ఇద్దరూ పాటల్లో వైరం నడిపినవాళ్లే, ఇద్దరూ పాతికేళ్ల లోపు వయసులోనో, పాతికేళ్లకో తుపాకీ గుళ్లకి పోయారు. 2024 మే 7న టొరంటోలో డ్రేక్ ఇంటి బయట కాల్పులు జరిగితే తగిలింది సెక్యూరిటీ గార్డుకి. ఆ కాల్పులకీ పాటలకీ సంబంధం ఉందని పోలీసులు చెప్పలేదు, మనమూ అనొద్దు. కానీ గేటు దగ్గర నిలబడేది ఎప్పుడూ జీతగాడే. ఆ సంగతి మాత్రం మర్చిపోవద్దు.

చివరికి ఏం మిగిలిందో లెక్క చూద్దాం. ఎన్టీఆర్ అంటే దుర్యోధనుడు గుర్తొస్తాడు, కృష్ణ అంటే అల్లూరి. 'మండలాధీశుడు' కథ ఏంటని ఇవాళ ఎవరినైనా అడగండి, సగం మందికి తెలియదు. కోట గారు అదే 1987లో 'అహ నా పెళ్లంట'లో పిసినారి లక్ష్మీపతిగా తెలుగు ఇళ్లలోకి వచ్చేశారు, 2025లో పోయేదాకా మనింటి మనిషిగానే ఉన్నారు. ప్రభాకరరెడ్డి గారి పేరు సినీ కార్మికుల చిత్రపురి కాలనీ మీద నిలిచింది. తిట్టు ఎవరికీ పేరు తేలేదు. పని తెచ్చింది.

స్టూడియో దగ్గర ఇదంతా విని మావాడు కాసేపు ఏం మాట్లాడలే. తర్వాత మెల్లగా ఒక సంగతి బయటపెట్టాడు. వాళ్ల కాలేజీలో వీడూ, ఇంకో అబ్బాయీ రాప్ రాస్తారట. ఆ అబ్బాయి మీద వీడు ఒక పాట కట్టాడు, ఫోన్‌లో పెట్టుకున్నాడు, ఇంకా ఎవరికీ పంపలేదు. వినిపించమన్నా. బాగుంది, నిజంగానే ప్రాస బాగుంది. కానీ మధ్యలో రెండు లైన్లు ఆ అబ్బాయి వాళ్ల నాన్న చేసే పని మీద ఉన్నాయి.

నేను పాట ఆపమనలేదు. "ఆ రెండు లైన్లకి వాళ్ల నాన్న నీకేం చేశాడురా?" అన్నా అంతే. బండి మీద చిల్కానగర్ వచ్చేదాకా వెనక కూర్చుని ఏదో గొణుక్కుంటూనే ఉన్నాడు. ఇంటి ముందు దిగి, "రెండు లైన్లు మార్చిన మామా, ఇప్పుడు ఇంకా గట్టిగున్నది" అన్నాడు. వాడి రాత మీద మాత్రమే కొట్టాడు. విన్నా. నిజంగానే ఇంకా గట్టిగా ఉంది.

మీ ఇంట్లో 1977 సంక్రాంతికి ఆ రెండు సినిమాలూ చూసిన పెద్దవాళ్లు ఉంటే అడగండి, ఏది ముందు చూశారో, ఎందుకు చూశారో. నాకూ రాయండి. మళ్లీ ఇంకో ముచ్చటతో కలుద్దాం. సెలవు.