విచారణ పుస్తకం, కొండ పండుగ: గుణదల మరియమాత ఉత్సవ చరిత్ర - ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
విచారణ చరిత్రలు సాధారణంగా గురువుల పరంపర, దేవాలయ నిర్మాణం, జ్ఞానస్నానాల సంఖ్య అనే మూడు అంశాల మీద ఆధారపడి రూపొందుతాయి. పాలక పునీతుల పండుగకు వచ్చిపోయే జనం ఈ లెక్కల్లో కనిపించరు. విజయవాడలోని గుణదల లూర్దుమాత ఉత్సవాన్ని ఆధారంగా చేసుకొని, విచారణ పుస్తకాన్నీ ఉత్సవాచారాన్నీ పక్కపక్కన పెట్టి చదవవలసిన అవసరాన్ని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: విచారణ, మేత్రాసనం, గుణదల, లూర్దుమాత, తిరునాళ్లు, మొక్కుబడి, దళిత క్రైస్తవులు.

1. ఉపోద్ఘాతం:
పాన్‌గల్ కోట పరిసరాల్లోని పాలమూరు పల్లెల్లో ఆధునిక క్రైస్తవ చరిత్ర ప్రధానంగా ప్రొటెస్టెంటు మిషన్లతో ముడిపడి ఉంది. ఇరవయ్యవ శతాబ్దపు తొలి దశాబ్దాల్లో అమెరికా మెన్నొనైట్ బ్రదరెన్ మిషన్ నాగర్‌కర్నూల్, వనపర్తి వంటి కేంద్రాల నుంచి పనిచేసింది. పునీతులను మధ్యవర్తులుగా వేడుకొనే ఆచారం ఆ సంప్రదాయంలో లేదు. అందువల్ల ఊరికొక పాలక పునీతుడు, ఆయన పేర ఏటేటా పండుగ అనే వ్యవస్థ అక్కడ ఏర్పడలేదు. ఆ వ్యవస్థను పరిశీలించాలంటే కతోలిక విచారణల వైపు చూడాలి.

హైదరాబాదు 1851లో ప్రత్యేక మిషన్ ప్రాంతంగా ఏర్పడింది. 1855 నుంచి మిలాన్ మిషనరీలు అక్కడ పనిచేశారు. 1886లో అది మేత్రాసనమైంది. నిజాం రాజ్యంలోని తెలుగు ప్రాంతాలతోపాటు ఆంగ్లేయుల ఏలుబడిలోని బెజవాడ ప్రాంతం కూడా చాలాకాలం దాని పరిధిలోనే ఉండేది. బెజవాడ 1937లో వేరే మేత్రాసనమైంది. 1950లో విజయవాడ మేత్రాసనంగా పేరు మారింది. అంటే గుణదల ఉత్సవానికి బీజం పడిన నాటికి ఆ ఊరు పాలనాపరంగా హైదరాబాదు పీఠానికి చెందినది. పాలమూరు నుంచి మొదలుపెట్టిన పరిశీలన అదే కృష్ణానది దిగువకు సాగడానికి ఇదొక కారణం.

2. ఉత్సవ ఆవిర్భావం:
1858 ఫిబ్రవరి 11 నుంచి జులై 16 వరకు ఫ్రాన్సులోని లూర్దు గ్రామంలో బెర్నదెత్ అనే పద్నాలుగేళ్ల పేద బాలికకు మరియమాత పద్దెనిమిది సార్లు దర్శనమిచ్చిందని కతోలికుల విశ్వాసం. స్థానిక పీఠాధిపతి 1862లో ఆ దర్శనాలను గుర్తించారు. 1907లో పదవ పయస్ పాపుగారు ఫిబ్రవరి 11 పండుగను సార్వత్రిక శ్రీసభకు విస్తరించారు. ఆ తరువాత ప్రపంచంలో అనేకచోట్ల లూర్దు గుహకు ప్రతిరూపాలు వెలిశాయి.

గుణదలలో ఈ ప్రతిష్ఠ 1924లో జరిగింది. అప్పటి సెయింట్ జోసెఫ్ సంస్థ రెక్టరు ఆర్లాటి గురువులు అక్కడ మరియమాత స్వరూపాన్ని నెలకొల్పారు. కొండలో సహజంగా ఏర్పడిన గుహ ఉండడం లూర్దుతో పోలికకు అనుకూలించింది. కొండ శిఖరాన ఇనుప శిలువ నిలిచింది. దిగువన కట్టిన దేవాలయం 1971లో ప్రతిష్ఠితమైంది. ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో ఉత్సవం జరుగుతుంది. దానికి ముందు నవదిన ప్రార్థనలు ఉంటాయి.

గురువుల రికార్డుల నుంచి రాసే విచారణ చరిత్ర సాధారణంగా ఇక్కడితో పూర్తవుతుంది. ప్రతిష్ఠాపకుని పేరు, సంవత్సరాలు, కట్టడం దొరికాయి. కానీ ఒక అనాథ శరణాలయ ప్రాంగణంలోని భక్తి లక్షల మంది పండుగగా ఎలా మారిందన్న ప్రశ్నకు ఈ వివరాల్లో సమాధానం లేదు.

3. తిరునాళ్ల రూపం:
ఫిబ్రవరి 11 ఫ్రాన్సులో నిర్ణయమైన తేదీ. కృష్ణా తీరంలో అది సంక్రాంతి దాటిన తరువాత, పంట ఇంటికి చేరి చేతిలో నాలుగు డబ్బులు ఆడే రోజుల్లో వస్తుంది. మాఘస్నానాలు, శివరాత్రి తిరునాళ్లు జరిగే కాలమూ అదే. ఎండ ముదరదు, వానభయం ఉండదు. బండి కట్టుకొని వచ్చి, కొండ కింద రాత్రి గడిపి, వండుకొని తిని వెళ్లడానికి ఇంతకన్న అనువైన కాలం లేదు. ఆ విధంగా ఐరోపా పంచాంగంలోని ఒక తేదీ తెలుగు తిరునాళ్ల ఋతువులో సహజంగా ఒదిగిపోయింది.

స్థలం కూడా అటువంటిదే. ఇంద్రకీలాద్రి మీద కనకదుర్గమ్మను దర్శించుకొనే ప్రాంతవాసులకు కొండ ఎక్కి అమ్మను చూడడం కొత్త విషయం కాదు. గుణదలలో దివ్యబలిపూజ, పాపసంకీర్తనం, జపమాల ఒకవైపు సాగుతాయి. మరొకవైపు తలనీలాలు ఇవ్వడం, కొబ్బరికాయ కొట్టడం, కొవ్వొత్తులు వెలిగించడం, మెట్లెక్కి మొక్కు చెల్లించడం జరుగుతాయి. వచ్చేవారిలో హిందువులు గణనీయంగా ఉంటారు. ‘మహోత్సవం’ అనే అధికారిక నామం పక్కనే ‘మేరీమాత తిరునాళ్లు’ అనే జనవ్యవహారం స్థిరపడడానికి ఇదే కారణం.

4. అనుమతి, ఆచారం:
స్థానికాచారాలకు చోటు ఇవ్వడం గురించి శ్రీసభలో దీర్ఘకాలం వివాదం నడిచింది. 1606లో మధుర చేరిన రాబర్ట్ డి నోబిలి సన్న్యాసి వేషం ధరించి బోధించాడు. పద్దెనిమిదో శతాబ్దారంభంలో పుంగనూరు మొదలైన తెలుగుచోట్ల పనిచేసిన ఫ్రెంచి జెస్విట్లు ఆ మార్గాన్నే అనుసరించారు. 1704లో పాపు ప్రతినిధి తూర్నోన్ పుదుచ్చేరిలో వెలువరించిన ఉత్తర్వు అనేక స్థానికాచారాలను నిషేధించింది. 1744లో రోము దాన్ని ధ్రువీకరించింది. ఈ నిషేధాలకు కట్టుబడతామని దక్షిణ భారత మిషన్లలోని గురువులు చేయవలసిన ప్రమాణం 1940లో గానీ రద్దు కాలేదు.

రెండవ వాటికను మహాసభ తరువాత, 1969లో భారతదేశపు ఆరాధనలో పన్నెండు అనుసరణలకు రోము అనుమతి లభించింది. ఆరతి, అంజలి, నూనె దీపం, నేలమీద కూర్చోవడం వంటివి అందులో ఉన్నాయి. కొబ్బరికాయ గాని, తలనీలాలు గాని ఆ జాబితాలో లేవు. అవి భక్తుల మొక్కుబడితో వచ్చినవి. పైనుంచి వచ్చిన సంస్కృతీకరణను పత్రాల ఆధారంగా చెప్పవచ్చు. కింది నుంచి వచ్చినదానికి ఉత్సవమే పత్రం.

5. పుస్తకంలో లేని పేర్లు:
జ్ఞానస్నానాలు, వివాహాలు, మరణాలు నమోదు చేసే పుస్తకాలు ప్రతి విచారణలో ఉండాలని శ్రీసభ చట్టం నిర్దేశిస్తుంది. చరిత్రకారునికి అవి అమూల్యమైన ఆధారాలు. అయితే స్వతంత్ర భారతదేశంలో ఆ నమోదుకు మరొక అర్థం చేరింది. 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు మూడవ పేరా ఆ హోదాను మతంతో ముడిపెట్టింది. 1956లో సిక్కు దళితులకు, 1990లో బౌద్ధ దళితులకు ఆ హోదా విస్తరించింది. క్రైస్తవ దళితులకు విస్తరించలేదు. తెలుగు రాష్ట్రాల్లో షెడ్యూల్డు కులాల నుంచి క్రైస్తవం స్వీకరించినవారిని వెనుకబడిన తరగతుల ‘సి’ వర్గంలో చేర్చారు. 1985లో సూసై కేసు తీర్పులో సుప్రీంకోర్టు, మతం మారిన తరువాత కూడా కులపరమైన అణచివేత అదే తీవ్రతతో కొనసాగుతోందని నిరూపించాలని పేర్కొంది.

ఈ పరిస్థితిలో పుస్తకంలో పేరు రాయించుకోవడం విశ్వాస ప్రకటనతో ఆగిపోదు. బిడ్డ చదువు, ఉద్యోగం, రిజర్వుడు నియోజకవర్గంలో పోటీచేసే అర్హత దానిమీద ఆధారపడవచ్చు. కొండ ఎక్కి కొవ్వొత్తి వెలిగించడానికి మాత్రం ఎవరూ ధ్రువపత్రం అడగరు. ఉత్సవం విచారణ హద్దు దాటి విస్తరించడాన్ని అర్థం చేసుకోవడంలో ఈ తేడాను గమనించాలి.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. మొక్కు చెల్లించే ప్రతి హిందువునూ రహస్య క్రైస్తవునిగా లెక్కించడం పొరపాటు. ప్రతి కొబ్బరికాయనూ ‘పూర్వమత శేషం’గా కొట్టివేయడం కూడా అంతే పొరపాటు. రెండు వాదాలూ భక్తుణ్ణి ఏదో ఒక పుస్తకంలోకి ఎక్కించాలనే చూస్తాయి. ఆపదలో ఉన్న తల్లి అమ్మకు మొక్కుకొన్నప్పుడు ఆమె దృష్టిలో ఉన్నది బిడ్డ ఆరోగ్యమే.

6. ఉపసంహారం:
గుణదల ఉత్సవానికి మూర్తినీ తేదీనీ మిషనరీలు ఇచ్చారు. ఋతువును, మొక్కును, పేరును జనం ఇచ్చారు. మొదటి భాగం విచారణ పుస్తకాల్లో భద్రంగా ఉంది. రెండవ భాగం భక్తుల జ్ఞాపకాల్లో, కుటుంబ మొక్కుల్లో, తిరునాళ్ల అంగళ్లలో ఉంది. పల్లె విచారణల చరిత్ర రాసే పరిశోధకులు రెండవదాన్ని అనుబంధంగా కాక ప్రధానాధారంగా స్వీకరించి, పెద్దల మౌఖిక కథనాలను సేకరించాలి. చట్టం కారణంగానో, అలవాటు కారణంగానో పుస్తకానికెక్కని మనుషులకు చరిత్రలోనైనా చోటు దొరకాలంటే ఇది తప్పనిసరి.