గోజే: రెండు నౌకాశ్రమల మీద నిలిచిన దీవి

దక్షిణ కొరియాలో జెజు తర్వాత అతిపెద్ద దీవి గోజే. దేశానికి ఆగ్నేయ మూలన, బూసాన్ నగరానికి నైరుతి దిక్కున ఉంటుంది. విస్తీర్ణం దాదాపు 380 చదరపు కిలోమీటర్లు. దీవంతా కొండలే. తీరం మాత్రం ఎక్కడికక్కడ లోపలికి చొచ్చుకొచ్చిన అఖాతాలతో ముక్కలు ముక్కలుగా కనిపిస్తుంది. లోతైన, గాలివాన తాకిడి తక్కువుండే ఈ అఖాతాలే గోజే చరిత్రను నడిపించాయి.

1592లో జపాన్ దండయాత్రను ఎదుర్కొన్న నౌకాధిపతి యీ సున్-సిన్ తొలి విజయం సాధించింది ఇక్కడి ఓక్పో అఖాతంలోనే. కొరియా యుద్ధకాలంలో ఐక్యరాజ్యసమితి సేనలు లక్షన్నరకు పైగా యుద్ధఖైదీలను ఈ దీవిలో ఉంచాయి. 1952 మేలో ఖైదీలు శిబిరాధికారి అయిన అమెరికా జనరల్ డాడ్‌నే బంధించారు. స్వదేశానికి వెళ్లనన్న ఖైదీలను ఏం చేయాలన్నదే శాంతి చర్చల్లో పెద్ద చిక్కుముడి. దాన్ని విప్పే బాధ్యత చివరకు జనరల్ తిమ్మయ్య అధ్యక్షతన ఏర్పడిన తటస్థ దేశాల కమిషన్‌పై పడింది. 1950 డిసెంబరులో ఉత్తరాది హుంగ్నామ్ రేవు నుంచి వేలాది శరణార్థులు కూడా ఇక్కడే దిగారు. మాజీ అధ్యక్షుడు మూన్ జే-ఇన్ తల్లిదండ్రులు వారిలో ఉన్నారు. ఆయన పుట్టింది గోజేలోనే.

చేపలవేట, ఆల్చిప్పల పెంపకం ఇప్పటికీ ఉన్నా, 1970ల నుంచి దీవిని పోషిస్తున్నది నౌకానిర్మాణమే. గోహ్యోన్ వైపు శామ్‌సంగ్ హెవీ ఇండస్ట్రీస్, ఓక్పోలో ఒకప్పటి డేవూ, 2023 నుంచి హన్వా ఓషన్. ఎల్‌ఎన్‌జీ రవాణా నౌకలు, సముద్రపు చమురు వేదికలు వీటి ప్రత్యేకత. 2010లో తెరిచిన 8.2 కిలోమీటర్ల వంతెన–సొరంగ మార్గం బూసాన్‌ను దగ్గర చేసింది. దాంతో ఉద్యోగులు బయటే కాపురముండే వీలూ కలిగింది. అది స్థానిక దుకాణదారుకు లాభమో నష్టమో చెప్పడం కష్టం.

2010ల మధ్యలో చమురు ధరలు పడిపోగానే ఆర్డర్లు తగ్గాయి, వేల ఉద్యోగాలు పోయాయి. దెబ్బ ముందుగా తగిలింది ఉపకాంట్రాక్టు కార్మికులకే. తగ్గించిన వేతనాన్ని 30 శాతం పెంచి పూడ్చాలంటూ 2022లో ఓక్పోలో వాళ్లు 51 రోజులు సమ్మె చేశారు. ఒక కార్మికుడైతే నిర్మాణంలోని నౌకలో ఒక మీటరు ఇనుప చట్రంలో తనను తాను బంధించుకున్నాడు. సమ్మె ముగిసేసరికి దక్కింది 4.5 శాతం పెంపు. ఆ తర్వాత ఆర్డర్లు తిరిగొచ్చాయి. వెళ్లిపోయిన వెల్డర్లు చాలామంది రాలేదు. ఆ ఖాళీలను ఇప్పుడు విదేశీ కార్మికులతో నింపుతున్నారు.