రాయి నిలబెట్టిన ఊరు

జర్మనీలో మైన్జ్ నుంచి కోబ్లెంజ్ వైపు వెళ్తూ రైన్ నది కొండల మధ్య ఇరుకై, వేగంగా పారే చోట, ఎడమ గట్టున బాఖరాఖ్ అనే చిన్న ఊరుంది. జనాభా దాదాపు 2,000. చూడవచ్చిన వాళ్ల కళ్లు ముందు చెక్క దూలాల చట్రంలో మట్టి నింపి కట్టిన ఇళ్ల మీద పడతాయి. బజారు మధ్యలో 1368 నాటిదని చెప్పుకునే 'పాత ఇల్లు', ఊరి చుట్టూ 14వ శతాబ్దంలో లేచిన ప్రాకారం, దాని బురుజులు, పైన కొండ మీద ష్టాలెక్ కోట, కోటకూ ఊరికీ నడుమ కప్పు లేని ఒక ప్రార్థన మందిరం, వీటన్నిటినీ చుట్టుకుని నిటారు వాలుల మీద ద్రాక్షతోటలు. ఇదంతా ఒక్క చూపులో చూసినవారు, ద్రాక్ష పండించుకుని, వైన్ అమ్ముకుని బతికిన పల్లె ఒకటి అదృష్టం కొద్దీ కాలం తాకిడి తగలకుండా మిగిలిందని అనుకుంటారు. ఈ మాటలో రెండు సగాలూ సరికావని నా వాదన. బాఖరాఖ్ పేరును దూరదేశాలకు మోసినది ముఖ్యంగా దాని తోటలు కావు, ఊరికి ఎగువన నదికి అడ్డంగా ఉన్న ఒక రాతికట్టు. ఊరు పాతగా మిగలడంలో అదృష్టం పాలు కూడా తక్కువే. ఆ రాయి ఇచ్చిన బతుకుతెరువు పోయింది, దాని చోటికి మరొకటి రాలేదు.

ఆ రాతికట్టు సంగతి ముందు చూడాలి. బింగెన్ ఊరి దగ్గర రైన్ నది కొండల్లోకి దూరేచోట గట్టి స్ఫటికశిల ఒకటి నది అడుగున ఈ గట్టు నుంచి ఆ గట్టుకు అడ్డుకట్టలా సాగి ఉండేది. అందులో పడవ పట్టే సందు ఒకటే, అదీ ఇరుకు. జర్మన్లు దాన్ని బింగెన్ కంత అని పిలిచారు. నీళ్లు అక్కడ ఒక్కసారిగా జారి సుడులు తిరిగేవి. నిండు సరుకుతో ఉన్న పెద్ద ఓడ ఆ సందులో దూరడం ప్రాణాలతో చెలగాటం. అందుకని ఎగువ ప్రాంతాల వైన్, అంటే రైన్‌గౌ, నాహె లోయ, ఫాల్జ్ సీమల పీపాలు, చిన్న పడవల మీద ఆ సందు దాటి వచ్చేవి, లేదా కొండదారిన బండ్ల మీద దిగేవి. రాతికట్టు దాటాక కిందనున్న ఒక చోట వాటిని పెద్ద ఓడల్లోకి ఎత్తాలి. ఆ చోటే బాఖరాఖ్. ఊరి నదివైపు బురుజుల్లో ఒకదానికి ఈనాటికీ 'క్రానెన్‌టుర్మ్', అంటే క్రేన్ బురుజు అని పేరు. దాని పక్క నిలబడి చూస్తే ఈ ఊరి కథ సగం అక్కడే అర్థమవుతుంది. శత్రువులకు అడ్డంగా గోడ కట్టుకున్న ఊరు, ఆ గోడలోని ఒక బురుజుకు పీపాలు ఎత్తే యంత్రం పేరు పెట్టుకుంది. నిండు పీపా బరువు మనుషులు భుజాన వేసుకునేది కాదు. దాన్ని ఒక పడవలోంచి లేపి మరో ఓడలో దింపాలంటే యంత్రం కావాలి, దాన్ని తిప్పే కూలీలు కావాలి, కారుతున్న పీపా బిగించే పనివాళ్లు కావాలి, కొలిచేవాడు, లెక్క రాసేవాడు, సుంకం పట్టేవాడు కావాలి. ఆ చెక్క ఇళ్లు కట్టించిన డబ్బులో పెద్ద పాలు ఈ పనులదే.

ఇక పేరు. ఇక్కడ ఓడెక్కిన వైన్ ఏ కొండ మీద పండినదైనా దిగువ బజారులో 'బాఖరాఖర్' అనే చెల్లేది. ఇది వింతేమీ కాదు. యెమెన్ కొండల్లో పండిన కాఫీకి మోకా రేవు పేరు, పోర్చుగల్‌లో దూరు లోయ వైన్‌కు పోర్టో పట్నం పేరు అంటుకున్నట్టే ఇదీ. కొనేవాడికి చేను కనబడదు, సరుకు ఎక్కిన రేవు కనబడుతుంది. కొనేవాడు ఎక్కడున్నాడో కూడా ఊరి నిర్మాణమే చెబుతుంది. ఊరి నడుమ ఉన్న సెయింట్ పీటర్ చర్చి కొలోన్ నగరంలోని సెయింట్ ఆండ్రియాస్ మఠానిది. కోటకూ ఊరికీ మధ్యనున్న ప్రార్థన మందిరం చోట అంతకుముందున్న గుడి కొలోన్ బిషప్ కునిబర్ట్ పేరు మీదిది. ఊరి మీద హక్కు కూడా మొదట కొలోన్ ఆర్చ్‌బిషప్‌దే, ష్టాలెక్ కోటలోని ప్రభువు ఆయన తరఫున పాలించినవాడు. ఆ కొలోన్ ఏమిటంటే, 1259లో వచ్చిన నిలుపు హక్కుతో, నది మీద వచ్చిన సరుకునంతా దింపించి మూడు రోజులు తన పౌరులకు అమ్మకానికి పెట్టించగలిగిన నగరం. అక్కడి నుంచి వైన్ నెదర్లాండ్స్‌కు, ఇంగ్లండ్‌కు, హాన్సా వర్తక కూటమి పట్టణాలకు పోయేది. దారి పొడవునా సుంకాలే. బాఖరాఖ్‌కు కొన్ని కిలోమీటర్ల దిగువన, నది మధ్య రాతి మీద 1327లో మొదలుపెట్టి కట్టిన ఫాల్జ్‌గ్రాఫెన్‌ష్టైన్ కోటకు ఉన్న పని ఒకటే, సుంకం కట్టకుండా ఓడ దాటకుండా చూడడం. పండించే పల్లెకు ఇంత సరంజామా అక్కర్లేదు. సరుకు చేతులు మారే చోటుకే ఇది కావాలి.

దీనికి మంచి అభ్యంతరమే ఒకటి ఉంది. బాఖరాఖ్ సొంత వైన్ మాత్రం తక్కువదా? ఊరి వెనక పోస్టెన్, హాన్, వోల్ఫ్స్‌హోలె అనే తోటల్లో నల్లని పలకరాయి పగలంతా ఎండను పట్టి రాత్రి మెల్లగా వదులుతుంది. నది మీద మెరిసే వెలుగు వాలు మీద పడుతుంది. రీస్లింగ్ ద్రాక్షకు ఇంతకంటే మంచి చోటు దొరకడం కష్టమని తోటమాలులు అంటే నేను కాదనను. వైన్ నాసిరకమైతే రేవు ఎంత గొప్పదైనా పేరు శతాబ్దాల పాటు నిలవదన్నదీ నిజమే. కానీ ఆ వాలుల విస్తీర్ణం చూడండి. అంత ఇరుకు కొండల్లో, మనిషి నిలబడడానికే రాతి అరుగులు కట్టుకోవలసిన చోట, ఐరోపా ఉత్తర బజారులకు సరిపడే వైన్ పండదు. పేరుకు తగిన నాణ్యతను ఊరి తోటలు ఇచ్చి ఉండవచ్చు, పేరు మోసే పరిమాణాన్ని రాతికట్టే ఇచ్చింది. ఈ గర్వం ఎంత లోతుకు పోయిందంటే, ఊరి పేరే రోమన్ల మద్యదేవుడు బాకస్ బలిపీఠం, లాటిన్‌లో 'బాకి ఆరా', నుంచి పుట్టిందనే కథ పుట్టింది. ఎండాకాలం నీళ్లు తగ్గితే నదిలో బయటపడే ఒక బండను ఆ బలిపీఠంగా చూపించి, అది కనిపించిన ఏడాది వైన్ బాగుంటుందని చెప్పుకున్నారు. ఆ పేరు నిజానికి రోమన్ల కంటే పాతదైన కెల్టిక్ మూలానిది. అయినా ఆ కథ నాకు విలువైనదిగానే తోస్తుంది. తమ అదృష్టాన్ని నదిలోని రాయితో ముడిపెట్టుకున్నవాళ్లు, రాయిని మాత్రమే పొరబడ్డారు.

రేవు తెచ్చిన డబ్బు అందమైన ఇళ్లు మాత్రమే కట్టలేదు. కప్పు లేని ఆ ప్రార్థన మందిరాన్ని చూడాలి. ఎర్రని ఇసుకరాయిలో చెక్కిన సన్నని కిటికీ కమ్ములు, అద్దాల్లేని ఆ ఖాళీల్లోంచి కనిపించే ఆకాశం, రైన్ లోయ ఫొటోల్లో చాలా ఇష్టంగా తీసుకునే దృశ్యం ఇది. దాని పేరు వెర్నర్ మందిరం. 1287లో ఓబర్‌వేజెల్‌లో ఒక యూదుల ఇంట పనిచేసిన వెర్నర్ అనే కుర్రవాడి శవం బాఖరాఖ్ దగ్గర దొరికింది. యూదులే చంపారని, వాడి రక్తం కోసమే చంపారని పుకారు లేచింది. ఏ ఆధారమూ లేదు. ఆ పుకారుతో మధ్య రైన్ ఊళ్లలోనూ, మోజెల్ నది వెంటా యూదు కుటుంబాలను ఊచకోత కోశారు. రాజు రూడోల్ఫ్ ఆ నేరారోపణను నమ్మలేదు, హంతకులకు జరిమానా వేశాడు. అయినా 1289లో వెర్నర్ సమాధి మీద ఈ మందిరం లేవడం మొదలైంది. యాత్రికులు వచ్చారు, కానుకలు వచ్చాయి, పని శతాబ్దానికి పైగా సాగింది. అసలు విషయం తర్వాతది. 1420ల్లో ఇక్కడి పూజారి వినాండ్ ఫాన్ ష్టేగ్ వెర్నర్‌ను అధికారికంగా పునీతుడిగా ప్రకటింపజేయాలని పూనుకుని సాక్ష్యాలు కూడబెట్టాడు. అదే వినాండ్ 1426లో, మతాధికారుల వైన్ రైన్ మీద సుంకం లేకుండా పోవచ్చా అనే తగాదాపై న్యాయపండితుల అభిప్రాయాలను రంగుల బొమ్మలతో సహా ఒక గ్రంథంగా కూర్చాడు. ఒకే మనిషి బల్ల మీద రెండు దస్తావేజులు, ఒకటి పీపాల సుంకం గురించి, మరొకటి ఒక అబద్ధపు నేరం మీద నిలిచిన భక్తి గురించి. వెర్నర్ క్రమంగా ద్రాక్ష రైతుల పునీతుడయ్యాడు. ఫ్రాన్స్‌లో సెయింట్ వెర్నియే పేరుతో, చేతిలో కొమ్మలు కత్తిరించే కత్తితో బొమ్మలకెక్కాడు. వైన్ నడిచిన నాటి లోకంలో ఈ అబద్ధమూ నడిచింది. ట్రియర్ డయోసిస్ తన పండుగల జాబితా నుంచి వెర్నర్ పేరు తీసేసింది 1963లో మాత్రమే.

ఈ మందిరాన్ని కొండ మీది ప్రశాంతతగా చూపించడం నన్ను బాధపెడుతుంది. కవి హైన్రిష్ హైనే 1824లో మొదలుపెట్టి 1840లో అసంపూర్ణంగానే ప్రచురించిన 'బాఖరాఖ్ రబ్బీ' అనే కథలో, పస్కా పండుగ రాత్రి విందు బల్ల కింద ఎవరో పెట్టిపోయిన శిశువు శవాన్ని చూసిన రబ్బీ, భార్యను తీసుకుని నది మీద పారిపోతాడు. శతాబ్దాల తర్వాత కూడా ఆ ఊరి పేరు వింటే యూదులకు గుర్తొచ్చేది ఏమిటో ఆ కథ చూపిస్తుంది. శిథిలాన్ని శిథిలంగా ఉంచడం మంచిదే, కానీ దాన్ని ఎందుకు కట్టారో చెప్పకపోతే మనం చూసింది రాయి మాత్రమే.

మరి రేవు ఎలా చచ్చిపోయింది? యుద్ధాలే ఊరిని చంపాయి, బింగెన్ రాయి ప్రస్తావన అనవసరమని ఒకరు అనవచ్చు. ముప్పై ఏళ్ల యుద్ధంలో బాఖరాఖ్ పదేపదే చేతులు మారింది. 1689లో ఫ్రెంచి సైన్యం ష్టాలెక్ కోటను మందుపెట్టి పేల్చినప్పుడు ఆ రాళ్లు కింద వెర్నర్ మందిరం మీద పడి దాన్ని కూల్చాయి. 17వ శతాబ్దపు గాయాలు పెద్దవే, కాదనలేం. కానీ యుద్ధంలో కాలిపోయిన రేవులు లోకంలో ఎన్నో తిరిగి లేచాయి. అవసరం మిగిలి ఉంటే వర్తకం బూడిదలోంచి కూడా మొలుస్తుంది. బాఖరాఖ్‌కు ఆ అవసరమే మిగల్లేదు. 1815 తర్వాత ఎడమ గట్టు ప్రష్యా చేతికి వచ్చింది. 1827లో కొలోన్‌కూ మైన్జ్‌కూ మధ్య ఆవిరి ఓడలు తిరగడం మొదలైంది. 1830 నుంచి 1832 వరకు ప్రష్యా ఇంజనీర్లు బింగెన్ కంతను మందుపెట్టి బాగా వెడల్పు చేశారు. కొలోన్ నిలుపు హక్కు 1831లో పోయింది. 1859లో ఊరికీ నదికీ మధ్యనుంచి రైలు పట్టాలు పడ్డాయి. దెబ్బతిన్న ఊరు కోలుకోవలసిన కాలంలోనే, సరుకు దింపి ఎత్తాల్సిన కారణం నదిలోంచి తీసేశారు. యుద్ధం ఊరిని పడేసింది, లేచి నిలబడటానికి ఊతమయ్యే రాయిని ఇంజనీర్లు పగలగొట్టారు.

డబ్బున్న ఊళ్లు 19వ శతాబ్దంలో పాత గోడలు పడగొట్టి వెడల్పు వీధులు వేసుకున్నాయి, చెక్క ఇళ్లు పీకి ఇటుక మేడలు కట్టుకున్నాయి. బాఖరాఖ్‌లో అలా చేసే స్తోమత లేదు. ఇక్కడా ఒక ఎదురుమాట ఉంది. ఊరిని పట్టుదలగా కాపాడినవాళ్లు ఉన్నారు కదా, కవులు, కళాకారులు, సంఘాలు? ఉన్నారు. జలకన్య లోరెలై కథకు మూలమైన పాటను క్లెమెన్స్ బ్రెంటానో తన 1801 నవలలో బాఖరాఖ్‌లోనే జరిపాడు. విక్టర్ హ్యూగో 1842లో వచ్చిన రైన్ యాత్రా గ్రంథంలో ఈ ఊరికి చోటిచ్చాడు. 20వ శతాబ్దం తొలి ఏళ్లలో రైన్ కట్టడాల రక్షణ సంఘం ష్టాలెక్ శిథిలాన్ని చేతిలోకి తీసుకుని, 1920ల్లో దాన్ని యువజన వసతి గృహంగా తిరిగి కట్టించింది. 2002లో యునెస్కో ఈ లోయనంతటినీ ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. వీళ్ల శ్రమను నేను చిన్నది చెయ్యను. కానీ బ్రెంటానో రాసేనాటికి గోడలూ ఇళ్లూ నిలిచే ఉన్నాయి. ఆ ఇళ్లను ఒక్క శతాబ్దం పాటు కూల్చకుండా ఆపినది చట్టం కాదు, అభిమానం కూడా కాదు, చేతిలో కాసు లేకపోవడం. రక్షణ తర్వాత వచ్చింది. అది రావడానికి ఏదో మిగిలి ఉండేలా పేదరికం చూసింది. ఆ పేదరికంలో బతికిన తరాల ఇబ్బందిని లెక్కలోంచి తీసేసి, ఫలితాన్ని మాత్రం అందంగా చూడటం వాళ్ల పట్ల న్యాయం కాదు.

మధ్య రైన్ ద్రాక్ష విస్తీర్ణం ఇప్పుడు మొత్తం కలిపినా 500 హెక్టార్లకు లోపే. యంత్రం ఎక్కలేని వాలుల మీద కోత చేతితోనే సాగుతుంది. ఎన్నో అరుగులు పొదలకు వదిలేశారు. జర్మన్ వైన్ చట్టం ప్రకారం సీసా మీద ఒక ఊరి పేరు వేస్తే అందులో కనీసం 85 శాతం ఆ ఊరి ద్రాక్షే ఉండాలి. రేవు నడిచిన కాలంలో 'బాఖరాఖర్' అన్న పీపాలో ఆ ఊరి ద్రాక్ష ఎంతుందో అడిగే వాళ్లు లేరు. ఈనాడు ఆ పేరుతో వచ్చే కొద్ది సీసాల్లో ఉన్నది మాత్రం ప్రధానంగా పోస్టెన్, హాన్, వోల్ఫ్స్‌హోలె వంటి ఊరి వాలుల పంట. క్రేన్ బురుజుకూ నీళ్లకూ మధ్య రైళ్లు పోతూనే ఉంటాయి, సరుకు ఓడలు ఎదురుగానే నడుస్తాయి, ఆ ఓడల్లో ఒక్కటీ ఇక్కడ ఆగదు.