కట్టుబాటు – సడలింపు

కొరాపుట్, రాయగడ ప్రాంతములు 1936 ఏప్రిల్ 1వ తేదీకి పూర్వము మదరాసు రాజధానిలోని విశాఖపట్టణము జిల్లాకు చేరియుండెను. ఆ దినమున ఒరిస్సా రాష్ట్రము ఏర్పడి సరిహద్దు గీయబడినది. కాని చుట్టఱికములు చెరగలేదు. సాలూరు ఘాట్ రోడ్డును, 1931లో పూర్తియైన రాయపూరు – విజయనగరము రైలుమార్గమును మన పెండ్లిపిలుపులను, చావుకబురులను నేటికిని అటునిటు మోయుచున్నవి.

ఈ రాకపోకలు 2020 మార్చి 25న కరోనా కారణముగ దేశమంతటితోపాటు నిలిచిపోయెను. ఏప్రిల్‌లో ఒడిశా ప్రభుత్వము సర్పంచులకు కలెక్టరు అధికారములొసగి, ఊరికి తిరిగివచ్చువారిని 14 దినములు వేఱుగ నుంచు భారమును అప్పగించెను. అది అందఱికిని వర్తించిన కట్టుబాటు. 2021 మే నెలలోనిది వేఱు. ఆంధ్రలో క్రొత్త రకపు వైరసు వ్యాపించుచున్నదను భయముచే, ఆంధ్రప్రదేశ్, తెలంగాణములనుండి వచ్చువారు ప్రభుత్వ కేంద్రములలో 14 దినములుండవలెనని ఉత్తర్వు వెలువడినది. పార్వతీపురములో తండ్రి పెద్దదినమునకు పోదలచిన కూతురికి ఆ సంఖ్య యెంత బరువో మనకు తెలియును. ఆ రకము అప్పటికే తగ్గుముఖము పట్టినదని హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు తెలిపిరి.

ఏకాంతవాసము మన పెద్దలకు క్రొత్త కాదు. అమ్మవారు పోసిన ఇంటి గుమ్మమునకు వేపమండలు కట్టి, పొరుగువారిని రానిచ్చెడివారు కారు. పొక్కులు ఎండిన పిదప పసుపు, వేపాకు వేసిన నీళ్ళు తలకు పోసి, బిడ్డను మఱల నలుగురిలో కలిపెడివారు. పెచ్చులన్నియు రాలువఱకు మశూచి అంటునని వైద్యశాస్త్రమును చెప్పినది. లోనికి పోవుటకేగాక వెలికి వచ్చుటకును వారికొక గుర్తుండెను.

2021 జూన్ 17న జరిగిన సడలింపులోను అట్టి గుర్తే కలదు. రోగుల సంఖ్యనుబట్టి ఒడిశాలోని 30 జిల్లాలను రెండుగ విభజించిరి. కొరాపుట్, రాయగడలతో కూడిన 17 జిల్లాలలో దుకాణములు ఉదయము 6 మొదలు సాయంకాలము 5 వఱకును, తక్కినవానిలో మధ్యాహ్నము 1 వఱకును తెరచుట కనుమతించిరి. వారాంతపు మూత మాత్రము కొనసాగెను. విపత్తు నిర్వహణ చట్టము క్రింద కేంద్రము విధించిన ఆంక్షలు 2022 మార్చి 31తో ముగిసెను.

అంటు ప్రబలినపుడు కట్టుబాటును మన్నించుట మన ధర్మము. అది భయమునుబట్టిగాక లెక్కనుబట్టి నడువవలెనని కోరుటయు ధర్మమే. సరిహద్దున కాపురమున్న మనకు మఱల అట్టి దినములు వచ్చినచో, “ఎన్నాళ్ళు? ఏ గుర్తు చూచి విడుతురు?” అని అడుగుట ధిక్కారము కాదు. వేపమండ కట్టిన గుమ్మముకడ నిలిచి మన అమ్మమ్మలు అడిగిన ప్రశ్నయే అది.